నల్లరాయి మీద సుద్దలెక్క

చీమకుర్తిలో మిషన్లు ఆపేసిన రోజు
ఆయన ఆఖరి జీతంతో పాటు ఒక రాతిముక్క తెచ్చాడు.
మూల విరిగింది, ఎవరూ కొనరు.
గోనెపట్టాలో చుట్టి, బండి వెనక తాడేసి కట్టి,
గతుకు గతుక్కీ ఆగుతా
ఆస్పత్రి నించి బాలింతను తెచ్చినట్టు తెచ్చాడు.
పద్నాలుగేళ్ళు పాలిష్ పట్టిన చేతికి
ఓనరు కప్పిన శాలువా అది.

వంటింటి గోడకు ఆనించాం.
నలుపులో బంగారు నూక చల్లినట్టుండే రాయి.
దాని మీద సుద్దముక్కతో పాలలెక్క మొదలుపెట్టాను.
ఈ ఏడు మా ఇంట్లో ఏం జరిగినా
ముందు ఆ రాయికే తెలిసింది.

జిగిని బస్సు, రాత్రి తొమ్మిది
అని రాశాను. బస్సు పోయాక తుడిచాను.
మాలకొండయ్య అక్కడ డెబ్బై రోజులున్నాడు.
కన్నడంలో మూడు మాటలు నేర్చుకున్నాడు:
నీళ్ళు, కూలి, రేపు.
మూడోదే ఎక్కువ విన్నాడంట.

నేను కుట్టుమిషన్ మీద పాతచీర కప్పి
రొయ్యల కంపెనీలో చేరాను.
తెల్లారుజామున నాలుగున్నరకు వ్యాను.
మోకాళ్ళదాకా తెల్ల బూట్లు,
ఐసులో చేతులు,
తల వొలిచి, నరం లాగి, కిలోకింతని.
మొదటివారం ముద్ద కలపబోతే
కంచంలో ఉన్న వేళ్ళు ఎవరివో అనిపించింది.
మూడు వీధుల పిల్లులు నాకు చుట్టాలయినాయి.
బ్యాంకువాళ్ళు పాస్‌బుక్కులో నా ఇంటిపేరు తప్పు వేశారు.
దిద్దించాలంటే ఒకపూట కూలి పోద్ది.
పోనీలే, ఆవిడెవరో
నా డబ్బులు జాగర్తగానే దాస్తా ఉంది.

ప్రసన్నకు పదిలో లెక్కలకు తొంభైనాలుగు.
రాళ్ళ జోలికి మాత్రం పోబాకమ్మా
అన్నాడు ఫోనులో వాళ్ళ నాయన.
పాలిటెక్నిక్కులో కరెంటు కోర్సు తీసుకుంది.
వచ్చిన వారానికే ఇంట్లో ఫ్యూజు పోగొట్టి, మళ్ళీ వేసింది.
చిన్నోడికి రెండు పళ్ళు ఊడినాయి.
ఒకటి ఇంటిమీదకు విసిరాం,
రెండోది మింగేశాడు.

మా అత్త పెంచలమ్మకు ఒంగోల్లో కంటి ఆపరేషన్.
కట్టు విప్పగానే నన్ను ఎగాదిగా చూసి
"ఎప్పుడు నెరిసిందే నీ తల?" అంది.
ఇంటికొచ్చి సాలెగూళ్ళు లెక్కపెట్టింది.

ఆగస్టులో ఆయనకు కృష్ణపట్నంలో పని.
క్రేను కింద నిలబడి
బండలకు ఇనపతాళ్ళు తగిలించాలి.
ఒక ఆదివారం అందరం పొయ్యాం.
కిటికీ సీటు అత్తది, కొత్త కంటిది.
అక్షరాలు రావు గానీ ఆమెకు అంకెలొచ్చు.
రోడ్డుపక్క రాయి వచ్చినప్పుడల్లా
నూటపద్నాలుగు! నూటపదమూడు! అని
బస్సంతా వినేట్టు చదివింది.
కండక్టరు టిక్కెట్లు ఆపి నవ్వాడు.
అరవై దగ్గర కునుకు పట్టింది.
ముప్పై ఒకటిలో లేచి
"మధ్యలోయి ఏమైపోయినాయే?" అని
నామీద కోప్పడింది.

పోర్టు గేటు ఇవతల నించే చూపించాడు ఆయన.
"అదిగో, ఆ బండ మనూరిదే.
కొయ్యకుండానే పోతా ఉండాది."
"ఎవరు కోస్తారు మరి?" అన్నాడు చిన్నోడు.
"ఎవరో ఒకరు" అని
అరచెయ్యి ప్యాంటుకేసి తుడుచుకున్నాడు,
రాతిపొడి ఏమీ లేకపోయినా.
"దారి పొడుగునా నీ రాళ్ళే చదువుకుంటా వచ్చాన్రా"
అంది అత్త.
"అవి రాళ్ళు కాదమ్మా, సిమెంటు."
ఆమె నమ్మలేదు.

డిసెంబరు ముప్పై ఒకటి.
పాలు ఇరవైతొమ్మిది పూటలు, రెండు ఎగ్గొట్టాడు.
చీటీ కట్టాలి. గ్యాసు చెప్పాలి.
ఆయన శనివారం వస్తాడు.
రేపు వ్యాను నాలుగుకే.
రాసి, సుద్ద పైన పెట్టి,
లైటు తీశాను.
చీకట్లోంచి అత్త గొంతు:
"తియ్యబాకే,
నేనింకా చదవతా ఉండా."